ఒక్కసారి రికవర్ అయితే మానేస్తాను

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 36. జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. కూకట్‌పల్లిలో అద్దెకు ఉంటున్నాం. ఒక పాప. రెండేళ్ల కిందట అమీర్‌పేటలో 35 వేలు కట్టి ఆప్షన్స్ ట్రేడింగ్ (ఒక గడువులోపు మార్కెట్ పెరుగుతుందా, పడుతుందా అని డబ్బు పెట్టడం) కోర్సు చేశాను. కొన్నాళ్లు పేపర్ ట్రేడింగ్ చేస్తే మంచి లాభాలే కనిపించాయి. తర్వాత అసలు డబ్బుతో దిగాను. దాచుకున్నది, చిట్టీ ఎత్తిన డబ్బు, 3 లక్షల పర్సనల్ లోన్ (వడ్డీ 14 శాతం), అన్నీ కలిపి 8 లక్షలు పెట్టాను. ఇప్పుడు అకౌంట్‌లో 1,60,000 మిగిలింది.

నాకు మార్కెట్ తెలియక కాదు. చార్ట్ చూస్తే ఎటు పోతుందో చాలాసార్లు కరెక్ట్‌గానే చెప్పగలను. కానీ లాభంలో ఉంటే భయమేసి వెంటనే అమ్మేస్తాను. నష్టంలో ఉంటే స్టాప్‌లాస్ తీసేసి, ఇంకో లాట్ కొని యావరేజ్ చేస్తాను. స్టాప్‌లాస్ అంటే నష్టం ఇంత దాటితే దానంతట అదే అమ్మేసే ఆర్డర్, యావరేజ్ అంటే పడిన ధరకు ఇంకా కొని సగటు ధర తగ్గించుకోవడం. పొద్దున దెబ్బ తగిలితే మార్కెట్ మూసేలోపు రాబట్టాలని వరుసగా ట్రేడ్లు చేస్తూనే ఉంటాను. ఆప్షన్ల గడువు ముగిసే మంగళవారం, ఎక్స్‌పైరీ రోజు మరీ ఘోరం. మా ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, లాకర్‌లో పెట్టాలి. టీ బ్రేక్ అని, బాత్రూమ్ అని ఏదో ఒకటి చెప్పి బయటికొచ్చి చూసుకుంటాను. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. పాప ఏదైనా అడిగితే విసుక్కుంటున్నాను. మా ఆవిడకు లోన్ సంగతి తెలియదు. చిట్టీ ఇంకా ఎత్తలేదనే అనుకుంటోంది.

ఎమోషన్స్ కంట్రోల్ చేసుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. మెడిటేషన్ చేయమన్నా చేస్తాను. నాకు దురాశ లేదు. పోయింది ఒక్కసారి రికవర్ అయితే చాలు, జన్మలో మళ్ళీ ఆ జోలికి పోను.

ఇంకో మాట. నన్ను చూసి మా బావమరిది కూడా డీమ్యాట్ అకౌంట్ తెరిచాడు. లాభం వచ్చిన రోజు స్క్రీన్‌షాట్లు వాడికి పంపేవాణ్ణి. ఇప్పుడు వాడికి ఏం చెప్పాలో తెలియట్లేదు.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: నమస్తే. సైకాలజిస్ట్‌గా నన్ను మీరు అడిగింది ఎమోషన్స్ గురించి. నాకు మాత్రం అసలు చిక్కు “పోయింది ఒక్కసారి రికవర్ అయితే చాలు” అన్న మాటలో కనిపించింది. మీరు దాన్ని చిన్న కోరిక అనుకుంటున్నారు. ఒకసారి లెక్క వేద్దాం.

8 లక్షల్లో 80 శాతం పోయింది. మిగిలిన 1,60,000 మళ్ళీ 8 లక్షలు కావాలంటే ఐదింతలు పెరగాలి, అంటే 400 శాతం లాభం రావాలి. ఏడాదికి 12 శాతం చొప్పున పెరిగినా అందుకు 14 ఏళ్లు దాటుతుంది. మీకేమో వచ్చే పండుగలోపు కావాలి. అంత తొందరగా అన్ని రెట్లు ఇస్తానని ఆశ పెట్టేది మార్కెట్‌లో ఒక్కటే: ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం నాలుగైదు రూపాయలకు దొరికే దూరపు స్ట్రైక్ కాల్‌నో పుట్‌నో (నిఫ్టీ ఇప్పుడున్న చోటు నుంచి బాగా పెరిగితేనో, బాగా పడితేనో తప్ప విలువ ఉండని ఆప్షన్) కొనడం. ట్రేడర్లు ‘హీరో-జీరో’ అని పిలుచుకునేది అదే. మూడున్నర అయ్యేసరికి వాటిలో చాలావరకు సున్నా. కోర్సులో ఇది చేయొద్దనే చెప్పి ఉంటారు. అయినా మీ వేలు అక్కడికే వెళ్తోంది, ఎందుకంటే మీ లోటు పూడ్చగలిగినంత పెద్దది ఇంకేదీ మీకు కనిపించట్లేదు. ఏ ట్రేడ్ చేయాలో ఇప్పుడు మీ చార్ట్ చెప్పట్లేదు, మీ లోటు చెబుతోంది.

రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లోనే దీన్ని చూపించారు. నష్టపోయిన మనిషి మామూలుగా రిస్క్ అంటే జంకుతాడు. కానీ పోయిందంతా ఒక్క దెబ్బకు తిరిగొచ్చే అవకాశం కనిపించిందా, మామూలప్పుడు ముట్టుకోని పందెం కూడా కాస్తాడు. కాబట్టి దురాశ లేదన్న మీ మాట నేను నమ్ముతాను. మీ సంసారం గుల్ల కావడానికి దురాశే అక్కర్లేదు. “మళ్ళీ 8 లక్షలు చూడాలి” అన్న పట్టుదల చాలు. మీరు ఎంతకు కొన్నారో, ఎంత పోగొట్టుకున్నారో నిఫ్టీకి తెలియదు. ఆ 8 లక్షల అంకె మీ తలలో తప్ప ఇంకెక్కడా లేదు.

మీ పని సంగతే తీసుకుందాం. నా దగ్గరికి ఫార్మా ల్యాబ్‌ల నుంచి చాలామంది వస్తుంటారు, వాళ్ల దగ్గర విని నేర్చుకున్నదే ఇది. ఒక బ్యాచ్ శాంపిల్ టెస్ట్‌లో ఫెయిల్ అయిందనుకోండి. పాస్ అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ టెస్ట్ చేసి, పాసైన రిజల్ట్ ఒక్కటే ఫైల్‌లో పెట్టుకోనిస్తారా? ఆ పనే చేస్తే ఉద్యోగం పోతుంది. 1993లో బార్ ల్యాబొరేటరీస్ కేసులో అమెరికా కోర్టు ఈ అలవాటునే తప్పుపట్టింది. ఫెయిల్ అయితే పని ఆపాలి. ఓఓఎస్ విచారణ, అంటే రిజల్ట్ ఉండాల్సిన పరిమితి ఎందుకు దాటిందన్న విచారణ తెరవాలి. తప్పు మెషీన్‌దా, శాంపిల్ తీసిన పద్ధతిదా, మనిషిదా, అసలు మందే బాగాలేదా అని తేల్చాలి. అది తేలకుండా రెండో టెస్ట్ లేదు.

ఇప్పుడు మీ మంగళవారం చూడండి. పదింటికి ట్రేడ్ ఫెయిల్. విచారణ లేదు. పదీ పదికి రెండోది, పదీ ఇరవైకి మూడోది. పాసయ్యేదాకా రీటెస్ట్. ఒకరోజు నిజంగానే పాసైంది, ఆ స్క్రీన్‌షాట్ బావమరిదికి వెళ్లింది. ల్యాబ్‌లో మీరు కలలో కూడా చేయని పని, లాకర్ తెరిచి ఫోన్ చేతిలోకి తీసుకోగానే చేస్తున్నారు.

దీన్నిబట్టి మీకు క్రమశిక్షణ లేదని నేను అనను. రోజుకు ఎనిమిది గంటలు మీరు చాలా క్రమశిక్షణతో బతుకుతున్నారు. కాకపోతే దాన్ని మీ మనోబలం ఒక్కటే మోయట్లేదు. రాసిపెట్టిన పద్ధతి ఉంది. చేసిన ప్రతి పని అప్పటికప్పుడు రాయాలన్న నియమం ఉంది. ఒకరు చేస్తే ఇంకొకరు చెక్ చేసి సంతకం పెడతారు. ఫోన్ లాకర్‌లో ఉంటుంది. ట్రేడింగ్‌లో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు, అంతా మీ గుండె ధైర్యం మీద వదిలేశారు. డబ్బు కళ్ల ముందు కరిగిపోతుంటే నిబ్బరంగా కూర్చోవడం ఎవరివల్లా అయ్యే పని కాదు. పెద్ద ట్రేడింగ్ సంస్థల్లో కూడా ట్రేడర్ నిబ్బరం మీద నమ్మకం పెట్టుకోరు. రోజుకు ఇంత నష్టం దాటితే రిస్క్ విభాగం అతని ట్రేడింగ్ ఆపేస్తుంది. అతని అనుమతి ఎవరూ అడగరు.

మన ఊరి ఉదాహరణే ఒకటి. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు పుల్లెల గోపీచంద్ మూడు నెలల పాటు పి.వి. సింధు ఫోన్ తీసేసుకున్నారు. పతకం గెలిచాక ఆయనే చెప్పారు, ఇక ఫోన్ తిరిగి ఇచ్చేస్తానని, ఐస్‌క్రీమ్ కూడా తినొచ్చని. రజతం సాధించిన క్రీడాకారిణికే “మనసు అదుపులో పెట్టుకో తల్లీ” అని చెప్పి ఊరుకోలేదు, ఎదురుగా ఫోన్ లేకుండా చేశారు. గచ్చిబౌలిలో అన్నేళ్లు ఆటగాళ్లను తయారుచేసిన మనిషికి తెలిసిన విషయమే ఇది: పోటీ సమయంలో మనసుతో కుస్తీ పట్టడం కంటే, ఆ కుస్తీ అవసరం లేకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం మేలు.

ఇక మీరు రాసిన లక్షణాలు. లాభంలో ఉన్నది త్వరగా అమ్మడం, నష్టంలో ఉన్నది పట్టుకు వేలాడటం మీ ఒక్కరి బలహీనత కాదు. 1979లో డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ బలంగా ఉంటుంది. తర్వాత వాళ్లే వేసిన అంచనా దాదాపు రెండింతలు. అమ్మనంత వరకు నష్టం ‘ఖరారు’ కాలేదని మనసు సర్దిచెప్పుకుంటుంది. 1998లో టెరెన్స్ ఓడీన్ అమెరికాలో ఒక బ్రోకరేజీకి చెందిన 10 వేల ఖాతాలు పరిశీలించి ఇదే అలవాటు చూశాడు. విచిత్రం ఏమిటంటే, వాళ్లు తొందరపడి అమ్మేసిన షేర్లు, వదలకుండా పట్టుకున్న షేర్ల కంటే తర్వాతి ఏడాదిలో బాగా రాణించాయి. షేర్లలో అయితే కనీసం ఎదురుచూసే వీలుంది. ఆప్షన్‌కు అదీ లేదు. మీరు పట్టుకున్న ప్రతి గంటా దాని ప్రీమియం (ఆప్షన్ ధర) కరుగుతూనే ఉంటుంది. అందుకే ఆప్షన్ కొని యావరేజ్ చేయడమంత ఖరీదైన అలవాటు ఇంకోటి లేదు.

పేపర్ ట్రేడింగ్‌లో లాభాలు ఎందుకొచ్చాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. పోయేది కాగితం డబ్బు కాబట్టి స్టాప్‌లాస్ దగ్గర మీ చెయ్యి వణకలేదు. పైగా కాగితం మీద బ్రోకరేజీ, ఎస్‌టీటీ (ట్రేడ్ మీద పడే పన్ను), జీఎస్‌టీ ఉండవు, అనుకున్న ధర అనుకున్నట్టు దొరుకుతుంది. 2023-24లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేసిన మామూలు ట్రేడర్లు ఒక్కొక్కరు ఖర్చుల కిందే సగటున 26 వేలు కట్టారని స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ లెక్క. గెలిచినా ఓడినా ఆ డబ్బు పోయేదే.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. మీ ఎమోషన్స్ అన్నీ రేపు పొద్దునకు అదుపులోకి వచ్చాయనుకుందాం. అప్పుడు లాభాలు వస్తాయా? దానికి ఆధారమేమీ లేదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబర్‌లో ప్రకటించింది. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల పైమాటే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్లు 1 శాతం. మరుసటి ఏడాది 2024-25లో కూడా 91 శాతం మందికి నష్టమే. ఆ 93 మందీ కోపిష్టులు, పిరికివాళ్లు అని నేననుకోను. వాళ్లలో ధ్యానం చేసేవాళ్లు ఉంటారు, పొద్దున్నే కేబీఆర్ పార్క్‌లో నడిచేవాళ్లు ఉంటారు.

మరి అవతల గెలుస్తున్నది ఎవరు? అదే సెబీ నివేదిక ప్రకారం 2023-24లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు, విదేశీ ఫండ్లు లాభపడ్డాయి. వాళ్ల లాభాల్లో 95 శాతానికి పైగా అల్గో ట్రేడింగ్ (కంప్యూటర్ ప్రోగ్రామ్ తనే చేసే ట్రేడింగ్) నుంచే వచ్చింది. అంటే మీరు లాకర్ దగ్గర నిలబడి, ఎవరైనా వస్తున్నారేమోనని ఓ కంట కనిపెడుతూ కొన్న కాల్‌ను అమ్మింది చాలావరకు ఒక యంత్రం. దానికి టెన్షన్ లేదు, ఈఎంఐ లేదు, సూపర్‌వైజర్ భయం లేదు.

నా వృత్తిలో ‘పెర్ఫార్మెన్స్ సైకాలజీ’ అనే విభాగం ఉంది. దాన్ని నేను గౌరవిస్తాను. ఆటగాళ్లకు, సర్జన్లకు, పైలట్లకు అది మేలు చేస్తుంది. మనిషికి చేతనైన పనికీ, ఒత్తిడిలో అతను నిజంగా చేసే పనికీ మధ్య దూరాన్ని తగ్గించడమే దాని పని. అసలు చేతకాని పనిని చేతనయ్యేలా చేయడం దానివల్ల కాదు. ఓవర్‌కు ఆరు బంతులూ ఫుల్‌టాస్‌లు వేసే బౌలర్‌కు ప్రశాంతత నేర్పితే ప్రశాంతంగా ఫుల్‌టాస్‌లే వేస్తాడు. హైటెక్ సిటీ హోటళ్లలో శని, ఆదివారాలు పెట్టి “ట్రేడింగ్‌లో 90 శాతం సైకాలజీయే” అని చెప్పే మైండ్‌సెట్ కోచ్‌లు ఈ తేడా చెప్పరు. ఆ 90 ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే బాగుండు.

మీ దగ్గర ఎడ్జ్, అంటే చాలా ట్రేడ్ల మీద లాభం మిగిల్చే పైచేయి ఉందో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. “చాలాసార్లు కరెక్ట్‌గా చెప్పగలను” అనేది రుజువు కాదు. ముందే రాసిపెట్టిన నియమం ప్రకారం, ఒకే సైజులో, ఖర్చులు తీసేసి, కనీసం వంద ట్రేడ్ల రికార్డు ఉంటే అప్పుడు మాట్లాడొచ్చు. రీటెస్టులు, యావరేజులు కలగలిసిన మీ రెండేళ్ల రికార్డు ఏ నిర్ధారణకూ పనికిరాదు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఇవాళే మీ బ్రోకింగ్ యాప్‌లో ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్‌ను ఆపేయండి. చాలా యాప్‌లలో ఆ సదుపాయం ఉంది, కొన్నిట్లో ‘కిల్ స్విచ్’ అనే పేరుతోనే ఉంటుంది. మళ్ళీ తెరవడానికి కొన్ని గంటలు పట్టినా మంచిదే. ఆవేశం అన్ని గంటలు నిలవదు. తర్వాత యాప్ తీసేయండి. టిప్స్ ఇచ్చే టెలిగ్రామ్ గ్రూపుల నుంచి బయటికి రండి. సెబీలో రిజిస్టర్ కాకుండా సలహాలు అమ్మడమే నేరం. వాళ్లకు మొహమాటపడాల్సిన పని లేదు.

మిగిలిన 1,60,000 బ్యాంకు ఖాతాలోకి తెచ్చుకుని పర్సనల్ లోన్‌కు కట్టేయండి. ముందస్తు చెల్లింపుకు చార్జీ ఎంతో ముందు బ్యాంకును అడగండి. 14 శాతం వడ్డీ అప్పు తీర్చడం అంటే ఏ రిస్కూ లేకుండా 14 శాతం సంపాదించినట్టే. అంత ఖాయంగా ఇచ్చే ట్రేడ్ మీకు ఎవరూ చూపించలేరు. ఈ సలహా చదువుతుంటేనే మీ కడుపులో ఏదో మెలిపెట్టినట్టు ఉండొచ్చు. “అది కూడా కట్టేస్తే ఇక రికవరీకి క్యాపిటల్ ఎక్కడిది?” అని. ఆ బాధ నిజమైనదే, కానీ ఆ డబ్బు అక్కడ ఉన్నంతకాలం 8 లక్షల అంకె మిమ్మల్ని వదలదు. సెబీ చూసిన నష్టజాతకుల్లో నాలుగింట మూడొంతుల మంది వరసగా నష్టాలు వస్తున్నా మానలేదు. వాళ్లలో చాలామంది ఈ మెలిక దగ్గరే ఆగిపోయి ఉంటారని నా అనుమానం.

ఇక మీ ఆవిడ. ఇదే అన్నిటికంటే కష్టమని నాకు తెలుసు. అయినా దీన్ని చివరికి వాయిదా వేయకండి. ఈ ఆదివారమే చెప్పండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు 2009 జనవరి 7 మర్చిపోయే రోజు కాదు. ఆ రోజు సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, కంపెనీ లెక్కలు తప్పుగా చూపించామని ఒప్పుకుంటూ రాసిన లేఖలో ఉన్నది డబ్బు లెక్కే అయినా, నాకు గుర్తున్నది అందులోని ఒక మాట. మొదట్లో చిన్నగా ఉన్న తేడా ఏటేటా పెరిగిపోయిందని, పులి మీద స్వారీలా అయిందని, దిగితే అది తినేస్తుందేమోనన్న భయంతో దిగే దారి తెలియలేదని ఆయన రాశారు. ఆ ఒక్కరోజే ఆ షేరు దాదాపు 78 శాతం పడిపోయింది. మీది నేరం కాదు, ఆయనతో పోలిక కూడా కాదు. కానీ దాచిపెట్టిన లోటు ఎలా పెరుగుతుందో ఆ లేఖ చెప్పినంత స్పష్టంగా నేను చెప్పలేను. మీరు “ముందు రికవర్ చేసి, ఆ తర్వాత చెబుతాను” అనుకుంటున్నారు. చెప్పలేకపోవడం వల్లే రికవరీ అంత అత్యవసరమైంది. ఆవిడకు తెలిసిన మరుక్షణం ఆ తొందర సగం పోతుంది.

ఎలా చెప్పాలంటే, ముక్కలు ముక్కలుగా వద్దు. ఇవాళ లోన్, వచ్చే నెల చిట్టీ అని విడతలవారీగా బయటపెడితే ఆవిడ ప్రతిసారీ కొత్తగా మోసపోతుంది, మూడోసారి మీరు నిజమే చెప్పినా నమ్మదు. ఒక కాగితం మీద పెట్టింది ఎంత, మిగిలింది ఎంత, లోన్ ఎంత బాకీ, చిట్టీకి ఇంకా ఎన్ని నెలలు కట్టాలి, మొత్తం రాసి ఆమె చేతిలో పెట్టండి. పాప నిద్రపోయాక, మీ అమ్మగారూ అత్తగారూ ఇంట్లో లేనప్పుడు చెప్పండి. అప్పటికే సెగ్మెంట్ ఆపేశానని చూపించండి. “పోయింది మళ్ళీ తెస్తాను” అని మాత్రం మాట ఇవ్వకండి. ఆవిడ ఏడుస్తుంది, అరుస్తుంది, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ కోపానికి ఆమెకు హక్కుంది, మీరు సమాధానాలు చెప్పుకోకుండా వినండి. ఆ తర్వాత ఇంటి డబ్బు లెక్క ఇద్దరి కళ్ల ముందూ ఉండాలి. మీ ల్యాబ్ రిజిస్టర్‌లో ‘చెక్డ్ బై’ గడి ఖాళీగా ఉంటే ఎవరూ ఒప్పుకోరు కదా.

మెడిటేషన్ అడిగారు. చేయండి, నిద్రకు పనికొస్తుంది. పడుకునే ముందు పది నిమిషాలు ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్చుకున్నా మేలే. దానివల్ల పుట్ ఆప్షన్‌కు లాభం రాదు, అంతే.

ఒక విషయం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. పోగొట్టుకున్నది రాబట్టడానికి మళ్ళీ మళ్ళీ వెళ్లడం, ఇంట్లో దాచడం, అప్పు చేసి ఆడటం, మానాలనుకున్నప్పుడు చిరాకు. జూదపు వ్యసనాన్ని గుర్తించడానికి డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో ఇలాంటివే ఉంటాయి. మానసిక వైద్యులు జబ్బుల నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్ఎమ్-5 2013లో దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. మీకు ఆ జబ్బు ఉందని ఒక ఉత్తరం చూసి నేను తేల్చను. సెగ్మెంట్ ఆపేశాక కూడా చేతులు ఊరుకోకపోతే, వేరే బ్రోకర్ దగ్గర కొత్త ఖాతా తెరవాలనిపిస్తే, ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్‌ను కలవండి. ఎర్రగడ్డ అనగానే నవ్వుకునే అలవాటు మన ఊరికి ఎప్పుడు పోతుందో గానీ, అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఇలాంటివాటికి చికిత్స ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీ మానస్ నంబర్ 14416. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. అప్పుల గురించి ఆలోచిస్తూ ఎప్పుడైనా బతకడం ఎందుకు అనిపిస్తే, ఆ రాత్రే ఆ నంబర్‌కు చేయండి, పక్కనున్న మనిషిని లేపండి.

మీరు రాయలేదు గానీ ఒక పని చాలామంది వదిలేస్తారు. జీతం ఒక్కటే చూపించి రిటర్న్ వేసేస్తారు. ఎఫ్ అండ్ ఓ ఆదాయాన్ని వ్యాపార ఆదాయంగా లెక్కిస్తారు, దానికి ఐటీఆర్-3 వేయాలి. ఈ నష్టాన్ని జీతంలో తగ్గించుకోవడం కుదరదు. కానీ గడువులోపు రిటర్న్ వేస్తే 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, తర్వాత వచ్చే వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు. ఒక సీఏను కలవండి. (ఆ 8 ఏళ్లూ వాడుకోవాలని మళ్ళీ ట్రేడింగ్ మొదలుపెట్టేరు సుమా! అలా అన్నవాళ్లనూ చూశాను.)

మార్కెట్‌కే దూరంగా ఉండమని నేను చెప్పట్లేదు. లోన్ తీరాక, మీ ఆవిడ ఒప్పుకుంటే, నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో సిప్ పెట్టండి. దానికి మీ నిబ్బరంతో పెద్దగా పని పడదు, చూడకుండా వదిలేయడమే దానిలో నైపుణ్యం. ఇంకా కొన్నాళ్లు గడిచాక ట్రేడింగ్ మీద ఆసక్తి నిజంగా మిగిలి ఉంటే, పోయినా ఇంట్లో ఎవరికీ తేడా తెలియనంత చిన్న మొత్తంతో, షేర్లలో మొదలుపెట్టండి. కొనే ముందే నోట్‌బుక్‌లో రాయండి: ఎందుకు కొంటున్నాను, ఎంతకు తప్పని ఒప్పుకుంటాను. అమ్మాక రాసేది డైరీ కాదు, సంజాయిషీ. ఆ స్టాప్‌లాస్ ఆర్డర్ కొన్న వెంటనే సిస్టమ్‌లో పెట్టేయండి, దాన్ని కిందికి జరపడం నిషేధం. ఒక నష్టం వస్తే ఆ రోజుకు ఆట ముగిసినట్టే, విచారణ ఇంటికెళ్లి చేసుకోవచ్చు. డ్యూటీలో ఉండగా ట్రేడ్ అస్సలు వద్దు. మీ చేతిలో ఉన్నది ఎవరో మింగబోయే మందు, దాని రిజల్ట్ చదివేటప్పుడు నిఫ్టీ తలలో తిరగకూడదు.

చివరగా మీ బావమరిది. చెప్పండి, తప్పకుండా చెప్పండి. ఉపన్యాసం అక్కర్లేదు, “నువ్వు చేయొద్దు” అని ఆంక్ష పెట్టినా వినడు. ఇంతవరకు వాడు చూసింది మీ పాసైన శాంపిళ్లే. బ్రోకర్ వెబ్‌సైట్‌లో పూర్తి రెండేళ్ల పి అండ్ ఎల్ (లాభనష్టాల) స్టేట్‌మెంట్ దొరుకుతుంది, చార్జీలతో సహా. దాన్ని డౌన్‌లోడ్ చేసి, ఇంతకుముందు స్క్రీన్‌షాట్లు పంపిన ఆ వాట్సాప్ చాట్‌లోనే పెట్టండి. మీ ఆవిడకు చెప్పిన తర్వాతే సుమా, ముందు కాదు. తమ్ముడి నోటి నుంచి తెలిస్తే ఆవిడ మిమ్మల్ని క్షమించదు.